క్యూబెక్ సిటీలో షాటో ఫ్రాంటెనాక్: "నడిచే దూరం" అంటే నమ్మకండి

షాటో ఫ్రాంటెనాక్ హోటల్ ఫోటో పెట్టి, "అక్కడికి ఐదు నిమిషాల నడక" అని రాసుకునే బసలు కెనడాలోని క్యూబెక్ సిటీలో చాలా ఉన్నాయి. మ్యాపులో చూస్తే అది నిజమే. కానీ ఆ హోటల్ కొండ మీద ఎగువ పట్టణంలో ఉంటుంది, మాకిచ్చిన గది కొండ కింద. మధ్యలో ఉన్నవన్నీ మెట్లే. మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్యను తీసుకొస్తున్నామని, మెట్లు ఎక్కలేరని ఫోన్లో ముందే చెప్పాం. "ఏం ఇబ్బంది ఉండదు" అన్నాడు ఇంటాయన. తీరా వెళ్తే గది రెండో అంతస్తులో, లిఫ్ట్ లేదు.

రాత్రికి 215 డాలర్లు, రెండు రాత్రులకు మాట్లాడుకున్నాం. తాళం చేతికిచ్చే ముందు శుభ్రం చేసినందుకు 90, పార్కింగ్‌కు రోజుకు 28 అన్నాడు. బస మీద పన్ను 3.5 శాతం, ఆపైన జీఎస్‌టీ 5 శాతం, క్యూబెక్ పన్ను 9.975 శాతం ఎక్కడ దిగినా తప్పవు, వాటి గురించి నాకు బాధ లేదు. అన్నీ కలిపి 680 దాటింది. ఇక ఆయన గొప్పగా చెప్పిన "షాటో వ్యూ" బాత్రూం కిటికీలోంచి! మునివేళ్ల మీద నిలబడితే ఎదురింటి పొగగొట్టం పక్కన హోటల్ ఆకుపచ్చ రాగి పైకప్పు కొన కనబడుతుంది. ఆ రాత్రి మా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. "పోనీలే అమ్మా, పడుకోండి" అని అత్తయ్యే మమ్మల్ని సముదాయించింది.

పొద్దున్నే ఫ్యునిక్యులర్ ఎక్కాం. 1879 నుంచి జనాన్ని కొండ మీదికి చేరవేస్తున్న ఏటవాలు లిఫ్ట్ అది. పెద్దవాళ్లుంటే టికెట్ డబ్బులకు వెనుకాడకండి. దిగగానే డఫరిన్ టెర్రస్, అంటే కొండ అంచున వేసిన పొడవాటి చెక్కబాట. కింద సెయింట్ లారెన్స్ నది, పక్కనే హోటల్. అత్తయ్య బెంచీ మీద కూర్చుని గంటసేపు లేవలేదు, ఆవిడ ముఖం చూశాక మా ఆయన కోపమూ దిగింది.

కెనడియన్ పసిఫిక్ రైల్వే తన రైళ్లలో వచ్చే డబ్బున్న ప్రయాణికుల కోసం 1893లో తెరిచిన హోటల్ ఇది. రూపకర్త బ్రూస్ ప్రైస్. దూరం నుంచి కనబడే ఎత్తైన నడిమి బురుజు మాత్రం 1924లో పూర్తయింది. రైల్వే హోటల్ అన్నారు కదా అని పట్టాల కోసం వెతక్కండి, స్టేషన్ కొండ కింద ఉంది. 1943లో చర్చిల్, రూజ్‌వెల్ట్ యుద్ధ వ్యూహం కోసం ఈ ఊళ్లో కలిసినప్పుడు వాళ్ల అధికార బృందాలు ఇక్కడే దిగాయి. లోపలి ప్రాంగణానికి వెళ్లే కమాను మీద 1647 అని చెక్కిన మాల్టా శిలువ రాయి ఉంది. హోటల్ కన్నా రెండున్నర శతాబ్దాలు పాతది. తలెత్తి చూస్తేనే కనబడుతుంది, చాలామంది దాని కిందనుంచే సూట్‌కేసు లాక్కుంటూ వెళ్లిపోతున్నారు.

గది ధర మాకు అందలేదు. అయినా లాబీలోకి వెళ్తే మమ్మల్ని ఎవరూ ఆపలేదు. ఇత్తడి తళతళలు, చెక్క పలకల గోడలు చూస్తూ అత్తయ్య సోఫాలో హాయిగా కూర్చుంది. డబ్బు తీసుకున్నచోట దొరకని మర్యాద రూపాయి ఇవ్వనిచోట దొరికింది.

పుటిన్, అంటే వేయించిన బంగాళాదుంప ముక్కల మీద చీజ్, గ్రేవీ వేసిచ్చే ఇక్కడి వంటకం, తినేటప్పుడు జాగ్రత్త. ఆ గ్రేవీలో మామూలుగా మాంసం రసం ఉంటుంది, శాకాహారులు అడిగి మరీ తీసుకోవాలి.

హోటల్ నిండుగా కనబడేది మాత్రం నది అవతలున్న లెవీ ఊరికి వెళ్లే ఫెర్రీ మీదనుంచి. పది పన్నెండు నిమిషాల ప్రయాణం, తిరిగొచ్చేటప్పుడు ముందువైపు నిలబడండి.

ఈసారి వెళ్తే టొరంటో నుంచి కారు తీయం, రైలే ఎక్కుతాం. బస ఎగువ పట్టణంలో, సెయింట్ లూయిస్ వీధి చుట్టుపక్కల చూసుకోండి. ఏ అంతస్తు, లిఫ్ట్ ఉందా, అన్నీ కలిపి ఎంత అన్నది ఫోన్లో కాదు, మెయిల్లో రాయించుకున్నాకే డబ్బు కట్టండి.