కాలువలో నీళ్ళుంటేనే ఈ రూటు: ధవళేశ్వరం నుంచి లొల్ల లాకుల దాకా

ధవళేశ్వరంలో బండి పెట్టి, పరుగు మొదలుపెట్టి, గోదారి మీది బ్యారేజీ దాటి బొబ్బర్లంక, అక్కడి నుంచి కాలువ గట్టు పట్టుకుని ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకులు, అంటే కాలువలో పడవల్ని దించడానికీ ఎక్కించడానికీ కట్టిన తలుపుల గది. కాళ్ళలో ఇంకా ఓపిక మిగిలితే వాడపల్లి వెంకన్న గుడి, లేదంటే ర్యాలి. కొన్నేళ్ళుగా నా ఆదివారాలు చాలావరకు ఈ దారిలోనే గడిచాయి. రాజమండ్రి చుట్టుపక్కల లాంగ్ రన్‌కి ఏ రూటు బాగుంటుందని ఎవరు అడిగినా వెనకాముందూ చూసుకోకుండా దీని పేరే చెప్పేవాణ్ణి. ఇప్పటికీ దీని పేరే చెబుతాను. కాకపోతే, ఏ నెలలో వస్తున్నారో అడిగి చెబుతాను.

దూరం ఎంతో ఫోనులో మ్యాప్ చెబుతుంది. ఎత్తుపల్లాలు ఏమీ లేవని వాచీ చెబుతుంది. వాటి జోలికి పోను. ఈ రూటు గొప్పదనమంతా ఒక్కటే, పక్కన పారే నీళ్ళు.

బొబ్బర్లంక దగ్గర తూములు దాటిన గోదారి నీళ్ళు మధ్య డెల్టా ప్రధాన కాలువలో పడి మనం వెళ్ళే వైపే బయలుదేరతాయి. సార్వాకీ (వానాకాలం పంట) దాళ్వాకీ (దాని తరవాతి రెండో పంట) నీళ్ళు వదిలిన రోజుల్లో కాలువ నిండుగా ఉంటుంది. గోదారి గట్టున కూడా పరిగెత్తాను గానీ, అది మరీ పెద్దది. అరగంట పరిగెత్తినా అవతలి ఒడ్డు అక్కడే ఉంటుంది, మనం కదిలినట్టే ఉండదు. కాలువ అలా కాదు. అవతలి గట్టు మీద కొబ్బరిచెట్లు ఒకటొకటిగా వెనక్కి పోతుంటాయి, ఇటు పక్క నీళ్ళు మనతో పాటు వస్తుంటాయి.

నాకో అలవాటుంది. బొబ్బర్లంకలో ఒక గుర్రపుడెక్క గుంపును గుర్తుపెట్టుకుంటాను. ఊదాపువ్వు పూసినదైతే దూరం నుంచి కూడా పోల్చుకోవచ్చు. దాంతో నాకు పోటీ. కాలువ వేగం నా వేగంలో సగం కూడా ఉండదు కాబట్టి అయిదు నిమిషాల్లో దాన్ని వెనక్కి నెట్టేస్తాను. కానీ దారిలో నేను టీకి ఆగుతాను, బూటు లేసు కట్టుకోవడానికి ఆగుతాను, తెలిసినాయన కనిపిస్తే కుశలం అడగడానికి ఆగుతాను. అది ఆగదు. ఒకటి రెండుసార్లు టీ గ్లాసు చేతిలో ఉండగానే నా కళ్ళముందు నుంచి తాపీగా దాటి వెళ్ళిపోయింది. ఇరిగేషన్ వాళ్ళకి గుర్రపుడెక్క పెద్ద తలనొప్పి. ఏటా దాన్ని తీయించలేక చస్తుంటారు. నాకు మాత్రం ఇంతకంటే మంచి పేసర్, అంటే వేగం చూపిస్తూ పక్కన వచ్చే తోడు, దొరకలేదు.

ఇంకో సుఖం కూడా ఉంది, అది తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈ గట్టు మీద పరిగెడుతుంటే చేలు మనకంటే కిందుగా కనిపిస్తాయి. గట్టు ఎత్తు వల్లేననుకునేవాణ్ణి. అదొక్కటే కాదట. డెల్టాలో నేల ఏటి పక్కన ఎత్తుగా ఉండి, దూరం జరిగేకొద్దీ పల్లమవుతుంది. వరద తెచ్చిన ఒండ్రులో బరువైనదంతా ముందు ఒడ్డునే పడుతుంది కదా. కాటన్ దొర, ఆయన తరవాత వచ్చిన ఇంజనీర్లు కాలువల్ని వీలైనంతవరకు ఈ మెరక వెంబడే నడిపించారు. అందుకే మోటారు అక్కర్లేకుండా నీళ్ళు వాటంతట అవే చేలల్లోకి దిగుతాయి. రైతుకి అందులో తిండి ఉంది. పరిగెత్తేవాడికి గాలి ఉంది. డిసెంబరు, జనవరిలో దాళ్వా నారుమళ్ళ మీద నుంచి వచ్చే ఆ గాలికి చెమట పట్టినట్టే తెలియదు.

బ్యారేజీ గురించి నాలుగు ముక్కలు. కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం పరిగెత్తేది దాని స్థానంలో కట్టి 1982లో పూర్తిచేసిన బ్యారేజీ మీద. మధ్యలో లంకలు రావడంతో అది నాలుగు ముక్కలుగా ఉంటుంది, మొత్తం 175 గేట్లు. ఒక్క ధవళేశ్వరం వైపే 70. స్పీడ్ వర్కవుట్‌కి వాచీ అక్కర్లేదు. అయిదు గేట్లు గట్టిగా, అయిదు గేట్లు మెల్లగా అనుకుంటే చాలు, పిచుకలంక వచ్చేసరికి ఊపిరి అందదు. తెల్లారకముందే దాటేయాలి, ఆ తరవాత లారీలు మొదలవుతాయి. కాటన్ మ్యూజియం మన పరుగు వేళకి తెరిచి ఉండదు కాబట్టి తిరుగు ప్రయాణంలో చూసుకోవాలి.

పొగడ్త అయింది. ఇక అసలు సంగతి.

కిందటి వేసవిలో మా అన్నయ్య కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. అక్కడ చెరువు చుట్టూ తిరిగి తిరిగి విసుగెత్తిపోయిన కుర్రాడు. మూడేళ్ళుగా ఫోన్లో నా కాలువ పురాణం విని ఉన్నాడు. "బాబాయ్, ఈసారి నీ కాలువ చూడకుండా వెళ్ళను" అన్నాడు. వాడికి సెలవు దొరికింది మే నెలలో. దాళ్వా కోతలయ్యాక, ఏప్రిల్ నెల మధ్య నుంచి జూన్ దాకా కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. మరమ్మతులకి, పూడిక తీయడానికి అదే అదను. ఆ మాటే చెప్పాను. "నీళ్ళు లేకపోతే ఏం బాబాయ్, దారి ఉంటుందిగా" అన్నాడు.

దారీ సరిగ్గా లేదు. బొబ్బర్లంక దాటగానే ముందు వాసన వచ్చింది. కాలువ అడుగున మిగిలిన మడుగుల్లో బురద ఎండుతోంది. దానికి తోడు నెలల తరబడి నీళ్ళ కింద దాక్కున్న చెత్తంతా బయటపడింది. ప్లాస్టిక్ సీసాలు, పాత చెప్పులు, దేవుడి పటాలు, పూజ సామాన్ల సంచులు. గుర్రపుడెక్క ఎండి గోధుమరంగు చాపలా అడుగున పరుచుకుని ఉంది. నా పేసర్ గతి అది. ఇంకాస్త ముందుకెళితే పొక్లెయిను తీసిన పూడిక మట్టి గట్టు పొడవునా కుప్పలుగా పోసి ఉంది. పరిగెత్తడానికి మిగిలింది తారురోడ్డు ఒక్కటే. దాని మీద ఏడున్నరకే ఎండ. దక్షిణానికి పోయే దారి కాబట్టి సూర్యుడు ఎడమ చెంప వదలడు. మావాడు ఏమీ అనలేదు, పాపం. ఒక్కసారి మాత్రం "బాబాయ్, నువ్వు పంపిన ఫొటోలు ఈ ఊరివేనా?" అన్నాడు.

లొల్ల చేరేసరికి ఇద్దరికీ నాలుక పిడచకట్టుకుపోయింది. ఈ లాకుల దగ్గరే ప్రధాన కాలువ చీలుతుంది. నీళ్ళున్నప్పుడు జనం ఇక్కడ ఆగి ఫొటోలు తీసుకుంటారు, సినిమా షూటింగులూ జరిగాయి. ఆ రోజు ఎవరూ లేరు. చెట్టు కింద తువాలు పరుచుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు, లస్కరుగా, అంటే కాలువలూ లాకులూ చూసుకునే ఉద్యోగిగా, చేసి రిటైరయ్యారట. మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసి, "ఏవండీ, ఎవరన్నా తరుముతున్నారాండీ?" అని అడిగారు. మావాడికి ఆ పొద్దున మొదటిసారి నవ్వొచ్చింది.

"నీళ్ళున్నప్పుడు రావాలి గానండి, ఇప్పుడేం చూస్తారండి" అని ఆయనే అన్నారు. మళ్ళీ ఆయనే, ఒక్క క్షణం ఆగి, "అయినా నీళ్ళున్నప్పుడు కనపడంది ఒకటుందండి, రండి" అని లాకు గోడ పక్కకి తీసుకెళ్ళారు.

అన్నేళ్ళుగా ఆ లాకుల మీద నిలబడి నీళ్ళు తాగాను, సెల్ఫీలు దిగాను. అడుగు ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు. రెండు రాతిగోడల మధ్య లోతైన గది, అంతే. కానీ గోడ మూలలో, తలుపు తిరిగే చోట, రాతిని పై నుంచి కింది దాకా అర్ధచంద్రంలా తొలిచారు. తలుపు బోదె అందులో ఒదిగి తిరగాలి, నీళ్ళు మాత్రం కారకూడదు. తిరిగీ తిరిగీ ఆ గాడి లోపలి వైపు నున్నగా అయిపోయింది. మావాడు కిందికి వంగి అందులో వేళ్ళు పెట్టి చూశాడు. గోడ పైఅంచు మీద సన్నటి గీతలు కూడా ఉన్నాయి, కొన్ని వేలు పట్టేంత లోతున. పడవలు ఆపడానికి కట్టిన మోకులు ఒరుసుకుని పడినవని ఆయన చెప్పారు.

లాకు ఎలా పనిచేసేదో ఆయన చేతులతో చేసి చూపించారు. ఎగువ నుంచి పడవ ఈ గదిలోకి రాగానే వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపుల్లో ఉన్న చిన్న తూము తెరిస్తే గదిలో నీళ్ళు దిగువ కాలువ మట్టానికి జారతాయి, పడవ కూడా వాటితో పాటే దిగుతుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాక గానీ ముందు తలుపులు తెరుచుకోవు, నీటి బరువే వాటిని నొక్కి పెడుతుంది. ఎదురెళ్ళే పడవకి ఇదే తిరగేసి. "ఆ రోజుల్లో ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివాళ్ళు, అందరూ ఇలాగే దిగేవారంటండి. రోడ్లు పడ్డాక పడవలు పోయాయండి" అన్నారు. అక్కడే నాకు తట్టింది. నేను పరుగు దారి అనుకుంటున్న ఈ గట్టు, ఒకప్పుడు పడవకి తాడు కట్టి మనుషులు లాక్కుంటూ నడిచిన దారి. వాళ్ళకి పేసర్లు అక్కర్లేదు, భుజం మీద తాడే చెప్పేది ఎంత వేగంగా నడవాలో.

మావాడు వాచీ ఆపడం మరిచిపోయాడు. దాంతో ఆ రోజు వాడి యావరేజీ పేస్ నడిచే ముసలివాళ్ళ కంటే అధ్వానంగా వచ్చింది. పట్టించుకోలేదు. ఆత్రేయపురం వెనక్కి వచ్చి, పూతరేకులు డబ్బాల కొద్దీ కట్టించుకుని, బస్సెక్కి ధవళేశ్వరంలో దిగాం.

ఈ ఒక్క సంఘటనతో మే నెలలో కూడా వెళ్ళమని చెప్పేస్తానా అంటే, చెప్పను. లాకు అడుగు ఒకసారి చూస్తే చాలు, దానికోసం ఆ వాసనలో అంత దూరం పరిగెత్తనక్కర్లేదు. స్కూటర్ మీద వెళ్ళి చూసి రావచ్చు.

ఇంతకుముందు నేను పదిమందికి చెప్పిన మాటల్లో ఇంకొన్ని సవరించాలి. "కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి భేషైన రూటు" అనేవాణ్ణి. నేల చదునే గానీ, గట్టు బాట చాలాచోట్ల కాలువ వైపు ఒరిగి ఉంటుంది. అలా ఏటవాలు మీద గంటన్నర పరిగెడితే ఒక మోకాలికే బరువు పడుతుంది. నా కుడి మోకాలు సాక్షి. వాన పడిన మర్నాడు ఒండ్రుమట్టి బూటుకి అంటుకుంటే వదలదు. నీడ ఉంటుందన్నాను, ఉంటుంది, తొమ్మిది లోపే. శనివారం వాడపల్లి వైపు అసలు వెళ్ళొద్దు. ఏడు శనివారాల మొక్కుకి వచ్చే జనంతో, కార్లతో అడుగు తీసి అడుగు వేయలేం. ర్యాలి నయం. ముందువైపు కేశవుడు, వెనకవైపు మోహినిగా ఒకే రాతిలో చెక్కిన ఆ విగ్రహాన్ని చెమట ఆరాక ప్రశాంతంగా చూడొచ్చు. ఇక జూలై, ఆగస్టుల్లో పేపరు చూసి బయలుదేరాలి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోదీ దాటింది. మొదటిది రాగానే నేను బ్యారేజీ వైపు పరుగు మానేస్తాను. లంకల వాళ్ళు సామాను మోసుకుంటూ గట్టెక్కే చోట మనం షార్ట్స్ వేసుకుని పరిగెత్తడం బాగోదు.

నాకు నలభై దాటి చాలా కాలమైంది, వేగం మీద ఆశ లేదు, ఇల్లు ధవళేశ్వరానికి స్కూటర్ దూరంలో ఉంది. నాలాంటివాడికి నవంబరు నుంచి మార్చి దాకా ఇంతకంటే మంచి రూటు తెలియదు. కొండలెక్కే రేసుకి తయారయ్యేవాళ్ళకి ఇది పనికిరాదు, మారేడుమిల్లి ఘాట్ చూసుకోండి. కేవలం పరుగు కోసం హైదరాబాద్ నుంచి రావాలా అంటే, చుట్టాలిల్లో పెళ్ళో ఉంటే బూట్లు కూడా సర్దుకోండి, అంతవరకే. మావాడు మాత్రం సంక్రాంతికి టికెట్ తీసుకున్నాడు. ఈసారి నీళ్ళుంటాయి.