డైలో ఇరుక్కున్న కేసు, ఆటోనగర్ సలహా: ఒక రిమూవర్ కిట్ రివ్యూ

ముందే చెప్తున్నా, ఇక్కడ కేసంటే కోర్టు కేసు కాదు. రైఫిల్ తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టం. దాన్ని శుభ్రం చేసి, మళ్లీ పాత కొలతకి నొక్కి, కొత్త ప్రైమర్ (అడుగున కూర్చుని నిప్పు పుట్టించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. అమెరికాలో, ముఖ్యంగా మా టెక్సాస్‌లో, ఇది గ్యారేజీలో చేసుకునే మామూలు హాబీ. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటా తయారుచేస్తే ఆయుధాల చట్టం కింద నేరం, కాబట్టి అక్కడివాళ్లు దీన్ని కథలా చదువుకోండి. నేనూ హెచ్1బీ మీద ఉన్నన్నాళ్లు ఈ జోలికే పోలేదు. ఆ వీసా మీద తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడం, హంటింగ్ లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులు తప్పితే, ఫెడరల్ చట్టం ప్రకారం కుదరదు. గ్రీన్ కార్డు వచ్చాకే మొదలుపెట్టా.

ఇరుక్కోవడం ఎలా జరుగుతుందో చెప్తాను, లేకపోతే ఈ కిట్ ఎందుకో అర్థం కాదు. పేలినప్పుడు కేసు ఉబ్బుతుంది. దాన్ని ఉక్కు డైలోకి, అంటే అచ్చులోకి, ప్రెస్‌తో (హ్యాండిల్‌తో నడిపే చేతి యంత్రం) నెట్టి మళ్లీ సన్నం చేయాలి. ఇత్తడికీ ఉక్కుకీ మధ్య లూబ్ (జారుడుకి రాసే పూత) పొర లేకపోతే కేసు డైని కరుచుకుంటుంది. హ్యాండిల్ పైకెత్తితే, కేసుని అడుగున పట్టుకునే షెల్ హోల్డర్ కేసు అంచుని చీల్చుకుని కిందికి వచ్చేస్తుంది, కేసు మాత్రం లోపలే ఉండిపోతుంది. నాకు జరిగింది అచ్చంగా ఇదే. అక్టోబర్‌లో, జింకల వేట సీజన్‌కి మూడు వారాల ముందు, .308 విన్చెస్టర్ అనే రైఫిల్ తూటా సైజు డైలో.

తప్పు పూర్తిగా నాదే. కొత్త డై. తుప్పు పట్టకుండా లోపల పూసిన నూనెని సాల్వెంట్‌తో తళతళలాడేలా కడిగేశా. పొడి డైలోకి వెళ్లే మొదటి కేసుకి లూబ్ కాస్త ఎక్కువే కావాలి. నేను స్ప్రే లూబ్‌ని ట్రేలో నిలబెట్టిన కేసుల మీద ఒక్క పక్క నుంచి కొట్టి, ఆరనివ్వకుండా పని మొదలుపెట్టా. పైగా అవి రేంజ్‌లో ఏరుకొచ్చిన కేసులు. ఎవరి తుపాకీ వదులు చాంబర్లో (తూటా కూర్చునే గదిలో) పేలాయో, మామూలు కంటే ఎక్కువే ఉబ్బి ఉన్నాయి. హ్యాండిల్ బిగుసుకుంటున్నట్టు చేతికి తెలుస్తూనే ఉంది. అక్కడ ఆగి, వెనక్కి తీసి, మళ్లీ లూబ్ రాసుంటే ఈ రివ్యూ ఉండేది కాదు. ఆగలేదు, ఇంకొంచెం బరువేశా. పైకెత్తేసరికి ఠంగుమని చప్పుడు, హ్యాండిల్ తేలిపోయింది.

మొదట ఖర్చులేని వైద్యం చేశా. చలికి ఉక్కు కంటే ఇత్తడి ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి డైని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టమని చాలామంది అంటారు. గోంగూర ప్యాకెట్ల పక్కన ఆ డైని చూసి మా ఆవిడ అడిగిన ప్రశ్న ఇక్కడ రాయలేను. కొందరికి పనిచేస్తుందట, నాకు చేయలేదు. పైనుంచి సుత్తితో కొడదామా అంటే నా డైలో డీక్యాపింగ్ రాడ్ (పాత ప్రైమర్‌ని బయటికి తోసే కడ్డీ) వంగిపోతుంది. లీ కంపెనీ డైలున్నవాళ్లకి మాత్రం ఇందులో సుఖం ఉంది. వాటిలో రాడ్‌ని పట్టుకునే నట్టు వదులుచేసి, ఆ రాడ్ మీదే కొట్టి కేసుని బయటికి తోసేయొచ్చు.

అప్పుడు కొన్నా ఈ కిట్. ఇలాంటివి ఆర్‌సీబీఎస్, హార్నడీ, రెడ్డింగ్ లాంటి కంపెనీలన్నీ అమ్ముతాయి, సూత్రం ఒకటే. నాది ఏదో రాయను, ఎందుకంటే కింద ఫిర్యాదులున్నాయి. పన్నుతో కలిపి ముప్పై డాలర్లు దాటింది. పెట్టెలో ఏడో నంబర్ డ్రిల్ బిట్, మరలు కోసే పావు అంగుళం ట్యాప్ (అంగుళానికి 20 మరలు), ఒక బోల్టు, అలెన్ కీ, గిన్నెలాంటి ఉక్కు ముక్క. కేసు అడుగున బెజ్జం వేసి, మరలు కోసి, గిన్నెని డై మీద బోర్లించి, దాని నెత్తిన ఉన్న రంధ్రంలోంచి బోల్టు బిగిస్తే కేసు గిన్నెలోకి లేచి వస్తుంది. అంతే.

బిట్ సైజు ఎంచుకోవడంలో ఉన్న తెలివి నాకు నచ్చింది. .308 కేసుల్లో ఎక్కువ వాటికి లార్జ్ రైఫిల్ ప్రైమరే. ఆ ప్రైమర్ కూర్చునే గుంట వెడల్పు సుమారు 0.210 అంగుళం, బిట్ 0.201. గుంటే బిట్‌కి దారి చూపిస్తుంది, సెంటర్ వెతుక్కునే పని లేదు. .223 లాంటి చిన్న ప్రైమర్ కేసులకి ఈ సుఖం లేదు, గుంట 0.175 మాత్రమే. అక్కడ చేయి నిలకడగా ఉండాలి.

రెండు జాగ్రత్తలు. పేలని ప్రైమర్ లోపల ఉంటే డ్రిల్ దగ్గరికే తీసుకురావద్దు. రెండోది, డీక్యాపింగ్ రాడ్‌ని వదులుచేసి పైకి ఎంత వస్తే అంత లాగాలి, లేదంటే బిట్ నేరుగా దాని పిన్నుకి తగులుతుంది. ఇంత ముఖ్యమైన మాటని కిట్‌తో వచ్చిన కాగితంలో ఎక్కడో మధ్యలో, భూతద్దం పెడితే కనపడే అక్షరాల్లో వేశారు.

డైని వైస్‌లో తలకిందులుగా బిగించి డ్రిల్ మొదలుపెట్టా. పట్టుమని పది సెకన్లు కాలేదు, బిట్ ఇత్తడిని కొరుక్కుని లోపలికి లాగేసింది, డ్రిల్ మిషన్ నా మణికట్టుని మెలితిప్పింది. నాసిరకం బిట్ ఇచ్చారని తిట్టుకుంటూ నాన్నకి వీడియో కాల్ చేశా. మాకు శనివారం రాత్రి తొమ్మిదిన్నర, విజయవాడలో ఆదివారం పొద్దున ఎనిమిది. ఆయన ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో లేత్ నడిపిన మనిషి. తుపాకుల సంగతి ఆయనకి అక్కర్లేదు, ఇష్టం కూడా లేదు. కానీ ఇత్తడి అనేసరికి కాఫీ గ్లాసు పక్కన పెట్టారు.

"బిట్ పదును తగ్గి కాదురా, ఎక్కువై లాగింది. ఇత్తడికి అంత పదును పనికిరాదు. పైగా ఉన్న బెజ్జాన్ని పెద్దది చేస్తున్నావు, ఇంకా లాగుతుంది. సానరాయి మీద ఆ అంచుని కొద్దిగా మొద్దు చెయ్యి."

"మొద్దు చేస్తే తెగుతుందా నాన్నా?"

"కొరకదు, గీకుతుంది. నీకు కావాల్సింది అదే. స్పీడ్ తగ్గించు. ట్యాప్ అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. రజను తెగాలి. నూనె వెయ్యి, పీనాసితనం చెయ్యకు."

అంచు మీద నాలుగుసార్లు రాయి ఆడించి మళ్లీ పెడితే బిట్ వెన్నలో కత్తిలా కాకపోయినా, బుద్ధిగా దిగింది. ట్యాప్‌కి వంక పెట్టలేను, మర శుభ్రంగా పడింది. కాకపోతే దాన్ని సగంలో ఆపొద్దు. కేసు అడుగున గట్టి ఇత్తడి తక్కువే, మొత్తం కలిపి పట్టేవి ఓ నాలుగైదు మరలు. అవి పూర్తిగా పడకుండా బోల్టు బిగిస్తే మరలు ఊడి చేతికొస్తాయి, కేసు అక్కడే నవ్వుతూ ఉంటుంది.

ఇక బోల్టు. నా రెండో ఫిర్యాదు ఇక్కడే. వాళ్లిచ్చిన అలెన్ కీ అరచేతిలో ఇమిడిపోయేంత పొట్టిది. బిగిసిన కేసుని కదపడానికి ఆ పొడవు చాలదు. దానికి ఒక పాత ఇనుప గొట్టం ముక్క తొడిగి తిప్పాల్సి వచ్చింది. బోల్టు తల కింద ఒక వాషర్ వేసి, మరలకి గ్రీజు రాశాను, ఇది కాగితంలో లేదు, నాన్న చెప్పిందే. మూడో చుట్టుకి 'టక్' మంది. ఆ తర్వాత వేళ్లతో తిప్పినా వచ్చేసింది. డ్రిల్ పట్టుకున్న దగ్గర్నుంచి మొత్తం నలభై నిమిషాలు, ఫోన్ కబుర్లతో కలిపి. డై లోపల టార్చ్ వేసి చూశా, ఒక్క గీత లేదు. ఆ డైతోనే ఆ సీజన్ తూటాలన్నీ చేశా.

ఇవే సామాన్లు హార్డ్‌వేర్ షాపులో విడివిడిగా కొంటే సగం ధరకి రావా అంటే, వస్తాయి. గిన్నె బదులు ఒక పెద్ద సాకెట్, రెండు వాషర్లు వాడేవాళ్లు ఉన్నారు. నేను మాత్రం కిట్టే కొనమంటాను. ఇరుక్కునేది ఎప్పుడూ శనివారం రాత్రే, షాపులు మూశాకే. డై ఖరీదులో సగం కూడా కాదు ఇది. చాలా కేలిబర్లకి (తూటా సైజులకి) పనికొస్తుంది, ట్యాప్ విరగ్గొట్టుకోకపోతే ఏళ్లు ఉంటుంది. కొనేటప్పుడే ఓ పొడుగాటి అలెన్ కీ కూడా తీసుకోండి.

లూబ్ కూడా మార్చా. ఇప్పుడు వాడేది ఇంపీరియల్ సైజింగ్ డై వ్యాక్స్. చిన్న డబ్బా. వేలి కొసకి అంటీ అంటనట్టు తీసుకుని కేసు ఒంటికంతా రాయాలి. కేసు మెడ వైపు సన్నబడే భుజం దగ్గర మాత్రం తగ్గించాలి, అక్కడ ఎక్కువైతే సొట్టలు పడతాయి. కొన్ని వందల కేసులు చేశాను, కిట్ మళ్లీ పెట్టె దిగలేదు.

అయిదుకి మూడున్నర ఇద్దామనుకున్నా. ఒకటి బిట్‌కి, అర అలెన్ కీకి కోత. రేటింగ్ సంగతి చెప్తే నాన్న ఒప్పుకోలేదు. "బిట్ మంచిదేరా, ఉక్కుకి చేసింది ఇత్తడికి వాడావు. వాళ్లది కాగితం తప్పు, బిట్ తప్పు కాదు" అన్నారు. సరే, బిట్‌కి కోసినదాంట్లో అర వెనక్కిచ్చి నాలుగు వేశా. డిసెంబర్లో ఇంటికి వచ్చేటప్పుడు ఆ బిట్ పట్టుకురమ్మన్నారు, నేను రాయి ఆడించిన తీరు వీడియోలో చూసి ఆయనకి నిద్ర పట్టట్లేదట.