మెటోప్రొలాల్ ఎక్స్‌ఎల్: గుండె దడకు ఏళ్ల తరబడి వాడాక తేలిన సంగతులు

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి, అంటే గుండె పై గదులు లయ తప్పి గజిబిజిగా కొట్టుకునే జబ్బుకి, మెటోప్రొలాల్ రాసిచ్చారంటే లయ కుదుటపడుతుందని చాలామంది అనుకుంటారు. పడదు. గుండె పై గదుల్లో పుట్టే గజిబిజి సంకేతాలన్నీ కింది గదులకు దిగకుండా మధ్యలో, సంకేతాలు దాటే ఏవీ నోడ్ అనే చోట, కొన్నిటిని ఆపుతుందంతే. నాడి ఎగుడుదిగుడుగానే ఉంటుంది, వేగం మాత్రం తగ్గుతుంది. కూర్చున్నప్పుడు 130 కొట్టుకునేది 80, 90కి దిగితే మందు పని చేస్తున్నట్టే. ఆయాసం, నీరసం లేకపోతే 110 లోపు ఉన్నా చాలామంది విషయంలో డాక్టర్లు సరేనంటారు. గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం రాకుండా చూసే పని దీనిది కాదు. అందుకు ఎపిక్సబాన్ లాంటి రక్తం గడ్డకట్టనివ్వని మందు విడిగా రాస్తారు. దడ తగ్గిందని దాన్ని మానేస్తే చాలా ప్రమాదం.

మెటోప్రొలాల్ రెండు రూపాల్లో దొరుకుతుంది, స్ట్రిప్ మీద ‘సక్సినేట్’ అని ఉందో ‘టార్ట్రేట్’ అని ఉందో చూడాలి. టార్ట్రేట్ సాధారణంగా రోజుకు రెండుసార్లు వేసుకునేది. మెట్ ఎక్స్‌ఎల్, సెలోకెన్ ఎక్స్‌ఎల్ లాంటివి సక్సినేట్, నెమ్మదిగా కరుగుతూ రోజంతా పనిచేస్తాయి. సక్సినేట్ 23.75 మిల్లీగ్రాములు, 47.5 మిల్లీగ్రాములు అని చూసి తక్కువ డోసు ఇచ్చారని షాపువాడితో తగాదా పడక్కర్లేదు. అవి టార్ట్రేట్ 25కి, 50కి సమానం. ఎక్స్‌ఎల్ మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు. రోజంతా అందాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగి బీపీ, నాడి రెండూ పడిపోతాయి. మధ్యలో గీత ఉండి, డాక్టరు సగం వేసుకోమంటేనే విరవాలి. టిఫిన్ తిన్న వెంటనే వేసుకోవడం మంచి పద్ధతి. ముఖ్యంగా టార్ట్రేట్‌ను ఒకరోజు పరగడుపున, ఒకరోజు భోజనం మీద అంటే ఒంటికి పట్టే మోతాదు మారుతుంది.

నాడిని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసే అలవాటు ఈ జబ్బులో పనికిరాదు. నిమిషం నిండా లెక్కపెట్టాలి. బలహీనంగా కొట్టుకున్న దెబ్బలు మణికట్టు దాకా రావు కాబట్టి వేలికి పెట్టే ఆక్సీమీటరు కూడా తక్కువ చూపొచ్చు. ఇంట్లో ఎవరికైనా స్టెతస్కోపు వాడటం వస్తే ఛాతీ మీద లెక్కపెట్టించడం మేలు. బీపీ మిషన్‌తోనూ అంతే, నిమిషం ఎడంతో మూడుసార్లు చూసి సగటు తీసుకోండి. నాడి 50 కంటే తగ్గినా, పై బీపీ 100 కిందికొచ్చి కళ్లు తిరుగుతున్నా ఆ పూట మాత్ర వేసుకునే ముందే డాక్టరుకు ఫోన్ చేయాలి. మీ వరకూ ఆ అంకెలు ఎంతో ముందే అడిగి చీటీ మీద రాయించుకోవడం ఇంకా మంచిది. స్పృహ తప్పినా, ఛాతీ నొప్పో బాగా ఆయాసమో వచ్చినా ఆలోచించక 108.

ఉన్నట్టుండి మానేయడం ఈ మందుతో జరిగే అసలు పొరపాటు. గుండెలో అడ్రినలిన్ వచ్చి అంటుకునే బీటా గ్రాహకాలను ఈ మందు మూసేస్తుంది. అవి చాలాకాలం మూతపడి ఉంటే ఒళ్లు వాటి సంఖ్య పెంచుకుంటుంది. మందు ఆగగానే అడ్రినలిన్ వాటన్నిటి మీదా ఒక్కసారే పడుతుంది. దడ మునుపటికంటే ఎక్కువవుతుంది, రక్తనాళాల్లో బ్లాకులున్నవాళ్లకు గుండెపోటు కూడా రావొచ్చు. ఆపాల్సి వస్తే డాక్టరే ఒకటి రెండు వారాల్లో మెల్లగా తగ్గిస్తారు. కాబట్టి స్ట్రిప్‌లో అయిదు మాత్రలు మిగిలినప్పుడే కొత్తది కొనాలి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తుంటే చేతి సంచీలోనే పెట్టుకోవాలి, మందు అసలు పేరుతో చీటీ ఉండాలి. ఏకాదశి ఉపవాసమని మానకూడదు. ఆపరేషన్ ఉందని సొంతంగా ఆపకూడదు, మత్తు డాక్టరుకు చెప్పాలి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాటి వేళ దగ్గరపడితే వదిలేయాలి. రెండు కలిపి మాత్రం వద్దు.

వేరే మందులతో కలిసినప్పుడు ఇంకో రకం చిక్కు. బీపీకి, గుండెకు వాడే వెరపమిల్, డిల్టియాజెమ్ కలిస్తే నాడి ప్రమాదకరంగా తగ్గొచ్చు. ఫ్లుఓక్సెటిన్, పారోక్సెటిన్ లాంటి డిప్రెషన్ మాత్రలు కాలేయంలో మెటోప్రొలాల్‌ను విరిచే ఎంజైమును అడ్డుకుంటాయి, అదే డోసు ఎక్కువ డోసులా పనిచేస్తుంది. గ్లకోమాకు వాడే టిమోలాల్ కంటి చుక్కలు కూడా మెటోప్రొలాల్ లాగే బీటా గ్రాహకాలను మూసే బీటా బ్లాకరే, అవీ రక్తంలో కలుస్తాయి. కంటి డాక్టరుకు గుండె మందు గురించి చెప్పేవాళ్లు తక్కువ! ఉబ్బసం ఉంటే మొదట్లోనే చెప్పాలి, ఇన్హేలర్ పని తగ్గొచ్చు. షుగరు ఉన్నవాళ్లకు షుగరు పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు తెలియవు, చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమట పడితే వెంటనే గ్లూకోమీటరుతో చూసుకోవాలి.

ఇబ్బందులు లేవని చెప్పను. మొదటి వారాల్లో నిస్సత్తువ, చలికాలంలో చేతులు కాళ్లు చల్లబడటం, కొందరికి పీడకలలు. నిస్సత్తువ చాలావరకు తగ్గుతుంది, కలల బాధకు రాత్రి డోసును పొద్దుటికి మార్చమని అడగొచ్చు. నడకలో వాచీ చూపే ‘టార్గెట్ హార్ట్ రేట్’ ఈ మాత్ర వాడేవాళ్లకు లెక్కకు రాదు. మాట్లాడగలిగేంత వేగంతో నడిస్తే చాలు. ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బీపీ మామూలు కంటే త్వరగా పడిపోతుంది, ఆ రోజు రెండు పూటలా చూసుకోవాలి.

మందుల షాపులో ఒక జాగ్రత్త: ‘మెట్’ అని మొదలయ్యే షుగరు మాత్రలు కూడా బోలెడు. పేరు చివర ‘ఏఎమ్’ ఉంటే సాధారణంగా ఆమ్లోడిపిన్ కలిసినట్టు. కౌంటరు దగ్గరే స్ట్రిప్ తిప్పి, చిన్న అక్షరాల్లో మెటోప్రొలాల్ ఒక్కటే ఉందో లేదో చదివాకే డబ్బులివ్వండి.