క్లచ్ మోటార్లు తీసి సర్వో మోటార్లు పెట్టాక: మా టైలరింగ్ షాపు అనుభవం

మాది హనుమకొండలో లేడీస్ టైలరింగ్ షాపు. మోటార్‌తో నడిచే నాలుగు పవర్ మిషన్లు, బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ ఒకటి, ఒక ఇస్త్రీ టేబుల్. నాలుగు మిషన్లకీ పాత క్లచ్ మోటార్లు విప్పేసి సర్వో మోటార్లు బిగించి మూడేళ్ళు దాటింది. ఎన్ని వాట్లు, ఎంత ఆర్‌పీఎం అన్నది డబ్బా మీదే రాసి ఉంటుంది, అమ్మేవాళ్ళు ఒకటికి రెండుసార్లు చెప్తారు కూడా. నేను రాయాలనుకున్నది వేరే. కాలు తీస్తే మోటార్ ఆగుతుంది. అంతే. ఆ ఒక్క గుణానికే నేను ఈ మోటార్లంటే పడిపోయాను.

క్లచ్ మోటార్ మీద పని చేసినవాళ్ళకి తెలుసు. పొద్దున స్విచ్ వేస్తే రాత్రి షట్టర్ దించేదాకా అది లోపల తిరుగుతూనే ఉంటుంది. పెడల్ నొక్కితే క్లచ్ పట్టుకుని మిషన్ నడుస్తుంది, వదిలితే మిషన్ ఆగుతుంది కానీ మోటార్ ఆగదు. ఇక టైలర్ నిజంగా కుట్టే టైం ఎంత? ముక్కలు జత చేయాలి, లైనింగ్ సర్దాలి, దారం మార్చాలి, బాబిన్ నింపాలి, గుండుసూదులు తీయాలి, కస్టమర్ వస్తే కొలతలు రాసుకోవాలి. గంటలో సూది కదిలేది పావుగంటో ఇరవై నిమిషాలో. మిగతా టైమంతా ఆ మోటార్ ఊరికే తిరుగుతూ కరెంటు తాగుతుంది.

అది ఎంత తాగుతుందో మేము మీటర్ దగ్గరే చూశాం. లంచ్ టైంలో ఫ్యాన్లు, లైట్లు, ఇస్త్రీ పెట్టె అన్నీ ఆపేసి, నాలుగు మిషన్ల స్విచ్‌లు మాత్రం వేసి ఉంచాం. ఒక్కరూ కుట్టడం లేదు. అయినా మీటర్ మీది చిన్న ఎర్ర లైటు రెండు సెకన్లకోసారి మినుకుమంటూనే ఉంది. మా మీటర్ మీద 3200 అని రాసి ఉంటుంది, అంటే ఆ లైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు. లెక్క వేస్తే గంటకి అర యూనిట్ పైనే, ఒక్క కుట్టు కూడా పడకుండా. సర్వో మోటార్లు పెట్టాక ఇదే పని మళ్ళీ చేశాం. లైటు ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తూ నిలబడితే నా కూర చల్లారిపోయింది.

మా షాపుది కమర్షియల్ మీటర్. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో ఛార్జీలు పెంచాక ఈ కేటగిరీలో 50 యూనిట్లు దాటితే మొదటి 100 యూనిట్లకి యూనిట్ 8.50 రూపాయలు, 101 నుంచి 300 వరకు 9.90. మోటార్లు మార్చకముందు నెలకి 260, 270 యూనిట్లు వచ్చేవి. ఇప్పుడు మామూలు నెలల్లో 170, 180 దగ్గర ఆగుతుంది. తగ్గినవన్నీ పై శ్లాబులోవే కాబట్టి నెలకి దాదాపు తొమ్మిది వందలు మిగులుతున్నాయి. మోటార్ ఒక్కోటి 4,200 పడింది, ఏడాదిన్నర దాటాక పెట్టిన డబ్బు తిరిగొచ్చింది. ఫిక్స్‌డ్ ఛార్జీ మాత్రం తగ్గదు, అది కనెక్షన్ తీసుకున్నప్పుడు రాయించుకున్న లోడు మీద కిలోవాట్ లెక్కన వేస్తారు. మోటార్లు మార్చాక లోడు తగ్గించమని అర్జీ పెట్టుకోవచ్చు అన్నారు, నేనింకా పెట్టలేదు.

నాకు అసలు నచ్చింది ఈ తొమ్మిది వందలు కూడా కాదు. ఇదివరకు మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేక షాపులో ఈగలు తోలుకునే నెలలో కూడా బిల్లు పెళ్ళిళ్ళ సీజన్ బిల్లుకి ఏమాత్రం తీసిపోయేది కాదు. మిషన్ ముందు మనిషి కూర్చుంటే చాలు, కుట్టినా కుట్టకపోయినా మోటార్ తిరిగేది. ఇప్పుడు పని తక్కువైన నెలలో బిల్లూ తగ్గుతుంది. చిన్న షాపు నడిపేవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఎందుకంటే మా పక్కనున్న సెలూన్‌కీ, ఎదురుగా లాండ్రీ షాపుకీ 2021లో ప్రభుత్వం ఇచ్చిన పథకం కింద నెలకి 250 యూనిట్ల వరకు ఫ్రీ. వాళ్ళకి వచ్చినందుకు నాకేం కడుపుమంట లేదు. కానీ కుట్టుపనివాళ్ళు ఆ లిస్టులో లేరు, మా తిప్పలు మేమే పడాలి.

మోటార్లు కొత్తగా పెట్టినప్పుడు నేను కనిపించిన ప్రతి టైలర్‌కీ చెప్పాను, వెంటనే మార్చేయండని. కొందరు నా మాట విని మార్చారు కూడా. అందుకని ఆ తర్వాత జరిగింది కూడా రాయాలి.

రెండో ఏడాది బతుకమ్మ పండుగ. సద్దుల బతుకమ్మకి ఇంకా రెండు రోజులే ఉంది, కుట్టాల్సిన బ్లౌజులు సంచుల్లో వేలాడుతున్నాయి, కస్టమర్లు ఫోన్ల మీద ఫోన్లు. మధ్యాహ్నం మా మాస్టర్, అంటే షాపులో పెద్ద టైలర్, కుట్టే మిషన్ ఠక్కున ఆగిపోయింది. మోటార్‌కి పక్కనే ఒక కంట్రోల్ బాక్స్ ఉంటుంది, దాని చిన్న తెర మీద ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన ఒక అంకె. స్విచ్ ఆపి వేస్తే మళ్ళీ అదే. పుస్తకం తీసి చూస్తే "అమ్మినవారిని సంప్రదించండి" అని ఉంది. సంప్రదించాం. "వోల్టేజి తేడాలకి వారంటీ వర్తించదు మేడం, బాక్స్ హైదరాబాద్ పంపాలి, పండుగ తర్వాతే" అన్నాడు. అర్జెంటంటే కొత్త బాక్స్ కొనుక్కోమన్నాడు, 2,400. అది కూడా స్టాక్‌లో లేదు, తెప్పించాలి.

నాకు చేతులు వణికాయి. మా మాస్టర్ మాత్రం ఏమీ అనకుండా స్టూల్ వేసుకుని అటక మీంచి పాత క్లచ్ మోటార్ దించాడు. అమ్మేద్దామని నేను ఎన్నిసార్లు అన్నా "ఉండనీ అమ్మా" అంటూ గోనెసంచిలో కట్టి పెట్టిన మోటార్ అది. బోల్టు రంధ్రాలు రెండింటికీ ఒకటే. బెల్ట్ మాత్రం మార్చాల్సి వచ్చింది, అదీ ఆ సంచిలోనే ఉంది. అరగంటలో మిషన్ నడిచింది. ఆ పండుగంతా ఒక మిషన్ గుంయ్‌మని మోగుతూ, మూడు నిశ్శబ్దంగా నడిచాయి. మోటార్లు మార్చేదాకా నాలుగూ అలా మోగుతుంటే మేము మాట్లాడుకునేవాళ్ళమా అని మా షాపు అమ్మాయిలు ఆశ్చర్యపోయారు. అరుచుకునేవాళ్ళం, అందుకే మా షాపు ముందు పోయేవాళ్ళు లోపల గొడవ జరుగుతోందనుకునేవాళ్ళు.

దసరా అయ్యాక ఆ బాక్స్‌ని మా గల్లీలో ఇన్వర్టర్లు రిపేర్ చేసే అబ్బాయి దగ్గరికి తీసుకెళ్ళాను. వాడు నాలుగు స్క్రూలు విప్పి మూత తీశాడు. లోపల అల్యూమినియం రేకుల మధ్య దారప్పీచు గట్టిగా పేరుకుపోయి ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, జరీ పోగులు, ఆ ఏడాది మేము కుట్టిన బట్టల రంగులన్నీ అందులో ఉన్నాయి, దుప్పటి కప్పినట్టు. వేడి బయటికి పోయే దారి లేదు. దాని కింద మూడు కాళ్ళున్న నల్లటి ముక్క ఒకటి మధ్యలో పగిలి ఉంది. "ఇది కాలింది అక్కా, దీనికి హైదరాబాద్ ఎందుకు" అన్నాడు. మార్చి, బ్రష్‌తో అంతా దులిపి, ఏడు వందలు తీసుకున్నాడు. ఆ బాక్స్ ఈ రోజుకీ నడుస్తోంది.

వోల్టేజి కూడా ఒక కారణమై ఉండొచ్చు, మా లైన్‌లో ఎండాకాలం సాయంత్రాలు లైట్లు మసకబారడం మామూలే. కానీ ఈ బాక్స్‌ని బిగించేది మిషన్ బల్ల కింద, పీచంతా రాలేది అక్కడే. నెలకోసారి దులపండి అని ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు. బట్టలు కుట్టే చోట పీచు ఉంటుందని ఇది తయారుచేసినవాళ్ళకి తెలియదా? నాకు కోపం ఉన్నదల్లా దాని మీదే. ఇప్పుడు నెలాఖరున ప్లగ్గులు పీకి, పెయింటు బ్రష్‌తో బాక్సులన్నీ దులుపుతాం. రాత్రి షాపు మూసేటప్పుడు ఎంసీబీ దించేస్తాం. నాలుగూ ఒకే కంపెనీవి కాబట్టి ఒక స్పేర్ బాక్స్ కొని పెట్టుకున్నాను. ఆ క్లచ్ మోటార్‌ని మళ్ళీ అటకెక్కించాం, అమ్మే మాట ఎత్తడం మానేశాను.

ఇంకో మాట. స్లో స్పీడులో ఒక్కో కుట్టూ వేసుకోవచ్చు, మెడ వంపులూ పైపింగూ చక్కగా వస్తాయి అని నేను మొదట్లో తెగ పొగిడాను. పల్చటి బట్టకి ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. మగ్గం వర్క్ బ్లౌజుకి బక్రం (లోపల వేసే గట్టి గుడ్డ), లైనింగ్, బార్డర్ మడతలు కలిసి మందమైన చోట స్లో స్పీడులో మోటార్‌కి బలం చాలదు. సూది సగంలో నిలబడిపోతుంది, చక్రాన్ని చేత్తో తిప్పాలి. మోటార్‌కి చిన్న పుల్లీ (బెల్ట్ తిరిగే చక్రం) వేయిస్తే కొంత నయమైంది, స్పీడు తగ్గింది. జీన్సు, బ్యాగులు కుట్టేవాళ్ళు ఇంతకంటే ఖరీదైన రకం చూసుకోవాలేమో.

మా మాస్టర్‌కి ఈ మోటార్ మొదట్నించీ నచ్చలేదు. పెడల్ నొక్కాక క్షణం ఆలస్యంగా లేస్తుందంటాడు. ఆయనది పీస్ రేటు, బ్లౌజుకి ఇంత అని. కరెంటు బిల్లు కట్టేది నేను, పెడల్ నొక్కేది ఆయన. బిల్లు మిగిలితే ఆయనకి ఒరిగేదేమీ లేదు, స్పీడు తగ్గితే మాత్రం ఆయన జేబుకే నష్టం. ఆయన మిషన్‌కి పాత పుల్లీయే ఉంచి, స్పీడు పైకి పెట్టించాక సణుగుడు తగ్గింది. నలుగురు పనివాళ్ళున్న చోట మోటార్లు మార్చాలంటే ముందు వాళ్ళతో మాట్లాడడం మంచిది.

తర్వాత ఇంట్లో ఉన్న మిషన్‌కి కూడా ఒకటి పెట్టించాను, మా అత్తమ్మ కోసం. ఆమె సాయంత్రాలు ఇంట్లోవాళ్ళ బట్టలు కుట్టుకుంటుంది. సీరియల్ చూస్తూ, మిషన్ ఆన్‌లోనే ఉంచి. అక్కడ తగ్గింది నెలకి పదిహేను యూనిట్లు ఉంటుందేమో. షాపు లెక్కలో అది లెక్కే కాదు. కానీ మాకు రేషన్ కార్డు ఉంది, 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. ఎండాకాలం కూలర్ వేస్తే మా ఇల్లు 190కీ 210కీ మధ్య ఊగుతుంది. 200 దాటిందంటే ఆ నెల మొత్తం మనమే కట్టాలి, అదీ మొదటి యూనిట్ నుంచే 5.10 చొప్పున. 201 యూనిట్లు వస్తే కరెంటు ఛార్జీ ఒక్కటే 1,027 రూపాయల 70 పైసలు. పథకం లేని ఇంటికి కూడా 200 దగ్గర ఆగితే 820, ఒక్క యూనిట్ దాటితే రెండు వందలకు పైగా తేడా. ఆ పదిహేను యూనిట్ల వల్ల పోయిన మే నెల మా ఇల్లు గీత లోపలే ఉంది. షాపులో నాలుగు మోటార్లు కలిపి మిగిల్చిన నెల డబ్బు కంటే ఇంట్లో ఒక్క మోటార్ ఆ నెల ఎక్కువ మిగిల్చింది. అత్తమ్మకి చెప్తే "అయితే కూలర్ ఇంకో గంట వేసుకోవచ్చా" అంది.

అందరూ మార్చాలా అంటే చెప్పలేను. మాది రోజంతా నడిచే షాపు, కమర్షియల్ రేటు, కంట్రోల్ బాక్సులు బాగుచేసే అబ్బాయి గల్లీలోనే ఉన్నాడు. ఈ మూడూ కుదిరాయి కాబట్టి నాకు గిట్టింది. రోజుకి గంటో రెండు గంటలో కుట్టేవాళ్ళు, అందులోనూ మండల కేంద్రంలో ఒక్క మిషన్‌తో బతికేవాళ్ళు, కొత్తదానికి నాలుగు వేలు పెట్టే బదులు కుట్టడం ఆపిన ప్రతిసారీ క్లచ్ మోటార్ స్విచ్ ఆపడం అలవాటు చేసుకుంటే సగం లాభం ఊరికే వస్తుంది. స్విచ్ చేతికి అందే చోట ఉండాలి, అంతే. మా పాత మిషన్లకి బల్ల వెనకాల ఉండేది, ఎవరూ వంగి ఆపేవాళ్ళు కాదు.

మా ఓవర్‌లాక్‌కి ఇప్పటికీ క్లచ్ మోటారే. రోజుకి గంట కూడా నడవదు, పని అవగానే స్విచ్ తీసేస్తాం, దానికి డబ్బు పెట్టడం దండగ. ఇప్పుడు నా కన్ను ఇస్త్రీ పెట్టె మీద పడింది. వెయ్యి వాట్లది, వేడెక్కుతున్నంతసేపూ మీటర్ లైటు ఆగకుండా టకటకా కొట్టుకుంటుంది. రోజంతా వేసి ఉంచకుండా బ్లౌజులన్నీ పోగేసి సాయంత్రం ఒక్కసారే ఇస్త్రీ చేయమంటే, కుట్టు మధ్యలో మడతలు అణచకపోతే ఫినిషింగ్ రాదని మాస్టర్ అంటాడు. ఆయన చెప్పేదీ నిజమే. ఆ సంగతి ఇంకా తేలలేదు.