జమ్మి పైసలు రెండు వేలు: ఫ్రీ గేమ్‌లో పెట్టాలా, గేమ్ కొనుక్కోవాలా?

హన్మకొండలో ఉండే మా చిన్నమ్మ కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. దసరాకు పెద్దవాళ్ల చేతిలో జమ్మి పెట్టి దండం పెడితే వచ్చిన పైసలన్నీ కలిపి రెండు వేలు అయ్యాయట. "అన్నా, ఫోన్ గేమ్‌లో గన్ స్కిన్ కొననా, నీ ల్యాప్‌టాప్‌లో ఏదన్నా గేమ్ కొనుక్కోనా?" అని అడిగాడు. స్కిన్ అంటే గేమ్‌లో గన్‌కు వేసే కొత్త రంగు, డిజైన్. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ ప్రశ్న చాలా ఇళ్లల్లో ఉంది.

ముందు ఫ్రీ గేమ్ సంగతి. దోస్తులంతా అందులోనే ఉంటారు, కాబట్టి ఆడొద్దు అనను. కానీ స్కిన్‌కు నేరుగా రూపాయల్లో ధర పెట్టరు, ముందు కాయిన్లు కొనాలి. వస్తువు 350 కాయిన్లు ఉంటే ప్యాక్ 300 ఉంటుంది, ఇంకో ప్యాక్ కొంటే 250 మిగులుతాయి, ఆ మిగిలినవి వేస్ట్ కావొద్దని మళ్లీ కొంటాం. పైగా మనకు నచ్చింది డబ్బాలో దాచి పెడతారు, తెరిస్తే అది వచ్చే అవకాశం 1 శాతం అనుకోండి. వంద సార్లు తెరిస్తే తప్పకుండా వస్తుందని మా వాడి నమ్మకం. లెక్క వేసి చూపించా: వంద మంది తలా వంద సార్లు తెరిస్తే దాదాపు 37 మందికి ఒక్కసారి కూడా రాదు. డబ్బాకు 40 రూపాయలు వేసుకున్నా నాలుగు వేలు పోయి చేతిలో ఏమీ ఉండదు. ఇలాంటి డబ్బాలు కొన్ని గేముల్లో జూదం కిందికే వస్తాయని బెల్జియం 2018లోనే తేల్చింది.

అంత పెట్టి కొన్నది మన దగ్గర ఉంటుందా అంటే దానికీ గ్యారంటీ లేదు. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబర్ 2న నిషేధించారు, అక్టోబర్ 30తో ఇక్కడ సర్వీసే ఆగిపోయింది. తర్వాత 2021లో దాని ఇండియా వెర్షన్ బీజీఎంఐ వచ్చి పాత ఖాతా సామాన్లు తెచ్చుకోనిచ్చింది, అది కొంత నయం, కానీ 2022 జులైలో దాన్ని కూడా స్టోర్ల నుంచి తీసేశారు, మళ్లీ 2023 మేలో గానీ రాలేదు. ఫ్రీ ఫైర్ అనే ఇంకో ఫోన్ గేమ్ మీద 2022 ఫిబ్రవరిలో వేటు పడింది. వీటిలో ఆడే పిల్లల తప్పు ఏముంది చెప్పండి.

నాకూ జరిగింది. ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు ఒక క్రికెట్ గేమ్‌లో ప్లేయర్ కార్డులు కొన్నా. ఒకరోజు సర్వర్లు మూసేస్తున్నామని నోటీసు పెట్టారు, మెయిల్ రాస్తే "నిబంధనల్లో ముందే ఉంది" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

ఇక కొనుక్కునే గేములు. వీటిలోనూ రెండు రకాలు ఉన్నాయి, మోసపోయేది ఇక్కడే. మొదటి రకం కంపెనీ సర్వర్ ఉంటేనే నడిచేది. ఉబిసాఫ్ట్ కంపెనీ వాళ్ల ద క్రూ 2014లో వచ్చింది, పూర్తి ధర పెట్టి కొనాల్సిన కార్ల గేమ్. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, ఒంటరిగా ఆడుకుందామన్నా తెరుచుకోదు. దాని తర్వాతే, అమ్మిన గేములను ఇలా ఆపేయొద్దని స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం మొదలై యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు సంపాదించింది. సోనీ వాళ్ల ఆన్‌లైన్ గేమ్ కాంకర్డ్ అయితే రెండు వారాలకే మూతపడింది, కాకపోతే డబ్బు మొత్తం వాపస్ ఇచ్చారు. అందరూ అలా ఇవ్వరు.

రెండో రకం నెట్ లేకపోయినా నడిచేది, స్టార్‌డ్యూ వ్యాలీ లాంటిది: ఒకసారి కొంటే అంతే, లోపల కాయిన్ల అమ్మకం లేదు. గేములు అమ్మే వెబ్‌సైట్ జీఓజీలో కొంటే ఇన్‌స్టాలర్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు కూడా. అలాంటిదే ఇంకో స్టోర్ స్టీమ్‌లో కొంటే 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే రీఫండ్ అడగొచ్చు. కాబట్టి కొన్న రోజే నెట్ ఆపేసి గేమ్ తెరిచి చూడాలి, తెరుచుకోకపోతే వెంటనే వాపస్ పెట్టేయాలి. దోస్తులతో సాయంత్రం ఆడే మజా ఇందులో రాదు, అది నిజమే.

అందుకే నా మాట ఇది: పైసలు పెడితే నెట్ లేకుండా నడిచే గేమ్‌లోనే పెట్టాలి, దోస్తులతో ఫ్రీ గేమ్ ఆడుకో కానీ రూపాయి కూడా పెట్టకు. మా వాడు ఒక గేమ్ కొనుక్కుని మిగతా పైసలు దాచుకున్నాడు. ఆ రోజే చిన్నమ్మ ఫోన్‌లో ప్లే స్టోర్ సెట్టింగ్స్ తెరిచి, ఏది కొన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా మార్చి పెట్టా, పాస్‌వర్డ్ మాత్రం చిన్నమ్మకే చెప్పా.