అరకా, లంబసింగా? రెండూ తిరిగొచ్చాక నా మాట

డిసెంబర్ వస్తే చాలు, ఫ్రెండ్స్‌లోనో చుట్టాల్లోనో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇదే అడుగుతారు, రెండ్రోజులు లీవు దొరికింది, అరకు వెళ్ళమంటావా లంబసింగి వెళ్ళమంటావా అని. రెండూ అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే ఉన్నాయి, రెండూ కాస్త అటూఇటుగా వెయ్యి మీటర్ల ఎత్తు, రెండు చోట్లా చలి, ఘాట్ రోడ్డు, కాఫీ తోటలు, బొంగులో చికెన్, అందుకే ఏదైతే ఏంటిలే అనుకుంటారు. కానీ రెండిటికీ అస్సలు పోలిక లేదండి, ఒకటి అనుకుని ఇంకోదానికి వెళ్తే మాత్రం ఉసూరుమంటూ వెనక్కి వస్తారు. నాకు అయింది కాబట్టే చెప్తున్నా.

నేను ముందు అడిగేది ఒక్కటే, పొద్దున్నే మూడున్నరకి లేవగలరా అని. లేవలేం అంటే లంబసింగి గురించి ఇంక ఆలోచించక్కర్లేదు.

ఎందుకంటే అక్కడ చూసేదంతా తొమ్మిది లోపే. మొదటిసారి నర్సీపట్నంలో తీరిగ్గా టిఫిన్ చేసి పదింటికి చేరాం, ఎండ కాస్తోంది, రోడ్డుకి అటూఇటూ టీ కొట్లు, బోలెడు కార్లు, అంతే. మా పిల్లాడు కారు దిగి చుట్టూ చూసి "ఇదేనా నాన్నా" అన్నాడు, వాడికి ఏం చెప్పాలో తెలీలేదు. తాజంగి రిజర్వాయర్ దగ్గర కాసేపు కూర్చుని, కొత్తపల్లి జలపాతం చూసి దిగిపోయాం. జలపాతం బాగుంది, కాదనను, కానీ దాని కోసమే అంత దూరం వెళ్ళం కదా.

రెండోసారి ముందురోజే వెళ్ళి టెంట్‌లో పడుకున్నాం. పడుకున్నాం అనేగానీ నిద్ర ఎక్కడిది, రెండు దుప్పట్లు కప్పుకున్నా కాళ్ళు వేడెక్కలేదు, టాయిలెట్లు రెండే ఉన్నాయి, వాటి ముందు పెద్ద లైను. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, రాత్రి బయట పడుకుంటే పొద్దున్నకి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందంటారు, ఆ రాత్రి నాకు నిజమే అనిపించింది. చీకట్లోనే చెరువులవేనం కొండెక్కాం. పైన నిలబడి ఉంటే మా ఆవిడ శాలువా మీద పైకి లేచిన ఉన్ని పోగులు ఉంటాయి చూడండి, ఒక్కో పోగు చివర ఒక్కో మంచు బొట్టు, టార్చ్ వేస్తే మెరుస్తున్నాయి. కాస్త వెలుగొచ్చాక చూస్తే కింద లోయే లేదు, తెల్లగా పాలు పోసినట్టు ఎంత దూరం చూస్తే అంత దూరం మేఘాలు, మధ్యలో కొండల తలలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. అక్కడున్న వాళ్ళందరూ ఒక్కసారి మాట్లాడటం ఆపేశారు. అరగంట ఉందేమో ఆ పరిస్థితి, ఎండెక్కేకొద్దీ చిరిగి పైకి లేచిపోయింది.

ఇది రోజూ కనపడదు, అది కూడా తెలుసుకుని వెళ్ళాలి. రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేలలో వేడి త్వరగా పైకి పోతుంది, చల్లబడిన గాలి బరువుగా ఉంటుంది కాబట్టి లోయలోకి జారి కూర్చుంటుంది, దాన్లో ఉన్న తేమే పొగమంచు అవుతుంది, పైన గాలి కాస్త వెచ్చగా ఉండటంతో అది మూత పెట్టినట్టు కిందే ఆగిపోతుంది. అందుకని ముందురోజు రాత్రి చుక్కలు బాగా కనపడి, గాలి లేకపోతే ఆశ పెట్టుకోండి. మబ్బుపట్టినా, గాలి బాగా వీస్తున్నా దొరక్కపోవచ్చు. నవంబర్ నుంచి జనవరి దాకా అయితే ఛాన్స్ ఎక్కువ, ఎండాకాలంలో మాత్రం లంబసింగి వద్దు.

అరకుకి వస్తే ఇలాంటి టెన్షన్ ఏమీ లేదు, అక్కడ దారే సగం ట్రిప్పు. రైల్లోనే వెళ్ళండి, కారులో వద్దు. విశాఖలో పొద్దున్నే ఎక్కితే దాదాపు నాలుగ్గంటలు, ఆ లైను 1960ల్లో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తేవడానికి వేసింది, 58 సొరంగాలు ఉంటాయి. బొడ్డవర దాటాక రైలు కొండెక్కడం మొదలెడుతుంది, చీకటి, వెలుతురు, మళ్ళీ చీకటి, సొరంగం వచ్చిన ప్రతిసారీ బోగీలో పిల్లలందరూ ఒకటే అరుపులు, బయటికి రాగానే ఒక పక్క కొండ, ఇంకో పక్క అడుగు కనపడని లోయ. శిమిలిగూడ స్టేషన్ అయితే 996 మీటర్ల ఎత్తులో ఉంది. 2017 నుంచి అద్దాల బోగీ కూడా పెట్టారు, టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే చూసుకోండి.

బొర్రా గుహలు తప్పకుండా చూడాలి. లైట్లు వేసిన పెద్ద పెద్ద ఆకారాల దగ్గర జనం ఫోటోలు దిగుతుంటారు గానీ మీరు ఒక పక్కకి వెళ్ళి పైనుంచి వేలాడే సున్నపురాయి కొన ఒక్కటి చూడండి, కొసన నీటి బొట్టు ఒకటి ఊరుతూ ఊరుతూ చాలాసేపటికి గానీ రాలదు, అలా బొట్టు బొట్టుగా వదిలిన సున్నమే ఆ స్తంభాలన్నీ. మెట్లు మాత్రం చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పైనే కూర్చోబెట్టడం మేలు. అనంతగిరి దగ్గర కాఫీ తోటలో ఆగితే సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియాల తీగలు, చలికాలం అయితే కొమ్మ నిండా ఎర్రటి కాఫీ పళ్ళు. ఇక్కడి అరబికా రకం కాఫీకి 2019లో జీఐ, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే గుర్తింపు వచ్చింది, కాబట్టి పొడి కొనేటప్పుడు చికోరీ కలిపిందా అని అడిగి మరీ తీసుకోండి.

అరకులో నచ్చనిది కూడా ఉంది. ఆదివారాలు, పండగ సెలవుల్లో ఊరంతా కార్లే, ఒకసారి ముందే డబ్బులు కట్టి బుక్ చేసుకున్న రూమ్ మేం వెళ్ళేసరికి ఇంకొకళ్ళకి ఇచ్చేశారు, రాత్రి తొమ్మిదింటికి పిల్లలతో రోడ్డు మీద నిలబడ్డాం. ఇంకోటి, వలిసె పూల పొలాలు పసుప్పచ్చగా ఉన్నప్పుడు ఫోటోల కోసం మధ్యలోకి దిగి తొక్కేస్తున్నారు, అది నూనె గింజల పంట అండీ, ఎవరో రైతు కష్టం, దయచేసి గట్టు మీదే నిలబడండి.

రెండూ కావాలి అనేవాళ్ళు అరకు నుంచి లంబసింగి దాకా పరిగెత్తకండి, సగం టైమ్ ఘాట్ రోడ్డు మీదే పోతుంది. అరకు చూసుకుని సాయంత్రానికి పాడేరు వచ్చి పడుకుని, తెల్లారకముందే దగ్గర్లోని వంజంగి కొండెక్కండి, అదే మేఘాలు అక్కడా కనపడతాయి. ఎక్కడం మాత్రం నిటారుగా ఉంటుంది, మంచుకి రాళ్ళు జారతాయి, చెప్పులతో వెళ్ళొద్దు. తాగిన వాటర్ బాటిల్ కిందకి తెచ్చుకోండి, పైన ఆ ప్లాస్టిక్ చూస్తే ఏడుపొస్తుంది.

నన్ను ఒక్కటే చెప్పమంటే, ఇంట్లో పెద్దవాళ్ళూ చిన్నపిల్లలూ ఉన్నవాళ్ళకీ, మొదటిసారి వెళ్ళేవాళ్ళకీ, వానాకాలం చివర్లో పచ్చదనం కోసం వెళ్ళేవాళ్ళకీ అరకే. అరకు ఆల్రెడీ చూసేసి, చలికి వెరవని నలుగురు ఫ్రెండ్స్ ఉంటే లంబసింగి. ఈ సంక్రాంతికి మా అక్క అమ్మని తీసుకుని వస్తానంది, వాళ్ళకి అరకు రైలుకే టికెట్లు చేశా. తమ్ముడూ నేనూ మాత్రం వాళ్ళని రూమ్‌లో దింపేసి, ఆ రాత్రికి పాడేరు పోతాం.