సగం వాడిన ఫిల్మ్ రీలుకు లీడర్ రిట్రీవర్ ఎంతవరకు పనికొస్తుంది?

36 ఫ్రేముల రీలులో పదో పన్నెండో తీసేసరికి వెలుగు తగ్గిపోయి, 100 ఐఎస్ఓ (వెలుగుకు ఫిల్మ్ స్పందించే వేగం) ఫిల్మ్ తీసి 400 ఐఎస్ఓ ఫిల్మ్ ఎక్కించవలసి వచ్చినప్పుడు, మిగిలిన ఫ్రేములను వదులుకోకుండా కాపాడే చిన్న పరికరం లీడర్ రిట్రీవర్. 35 ఎంఎం క్యాసెట్‌లోకి పూర్తిగా చుట్టుకుపోయిన ఫిల్మ్ కొసను (దీన్నే లీడర్ అంటారు), క్యాసెట్ విప్పకుండా, మామూలు వెలుతురులోనే బయటికి లాగడం దీని పని. ఆ పని ఇది చక్కగా చేస్తుంది. అయితే రీలు క్షేమంగా మళ్లీ వాడుకలోకి రావడం మాత్రం ఆ తర్వాత మనం తీసుకునే జాగ్రత్త మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

దీనిలో రెండు పలుచని నాలుకలు ఉంటాయి. మొదటిదాన్ని క్యాసెట్ మూతి దగ్గరి మఖమలు అంచుల మధ్య నుంచి లోపలికి జొనిపి స్పూల్‌ను నెమ్మదిగా తిప్పితే, ఫిల్మ్ కొస దాని మీదుగా జారినప్పుడు టిక్‌మని చిన్న శబ్దం వినిపిస్తుంది. అప్పుడు రెండో నాలుకను తోసి, రెంటినీ కలిపి బయటికి లాగితే కొస వాటి మధ్య చిక్కి వస్తుంది. చేయి అలవాటుపడేవరకు ఒకటికి రెండుసార్లు ప్రయత్నించవలసి ఉంటుంది. మఖమలులో దుమ్ము ఉంటే ఫిల్మ్ పొడవునా గీత పడుతుంది కనుక, నాలుకలను తుడిచి వాడడం తప్పనిసరి. కొస చిరిగిపోయిన రీలు విషయంలో దీన్ని నమ్ముకోలేము.

చేతితో రివైండ్ చేసే కెమెరా ఉన్నవారికి దీని అవసరం చాలా తక్కువ. పిడి తిప్పుతున్నప్పుడు ఫిల్మ్ అవతలి స్పూల్ నుంచి విడివడి బిగువు ఒక్కసారిగా సడలుతుంది. అక్కడే ఆపితే కొస బయటే ఉంటుంది. ఫిల్మ్‌ను తనంతట తాను పూర్తిగా లోపలికి చుట్టేసే మోటారు కెమెరాల యజమానులే ఈ పరికరాన్ని తప్పక కొనాలి.

అసలు శ్రద్ధ అవసరమయ్యేది మళ్లీ ఎక్కించే దశలో. రీలు తీయకముందే కెమెరాలో ఫ్రేములు లెక్కించే కౌంటర్‌లోని అంకెను చూసుకొని, చెరగని సిరాతో కొస మీదా క్యాసెట్ మీదా రాయాలి. తిరిగి ఎక్కించాక లెన్స్‌కు మూత పెట్టి, అపెర్చర్‌ను (లెన్స్‌లో వెలుగు ప్రవేశించే రంధ్రాన్ని) పూర్తిగా కుదించి, అత్యధిక షట్టర్ వేగంతో ఆ అంకె వరకు ఖాళీగా నొక్కుతూ పోవాలి. మూత పెట్టిన లెన్స్‌తో ఆటో విధానంలో ఉంచితే కెమెరా చీకటిని చూసి షట్టర్‌ను చాలాసేపు తెరిచి ఉంచుతుంది కాబట్టి, మాన్యువల్ విధానమే మేలు. కొసను ఎక్కించే తీరులో ప్రతిసారీ కాస్త తేడా వస్తుంది. అందుకే మరో రెండు ఫ్రేములు అదనంగా వదలడం ఉత్తమం. ఆ రెండింటి కోసం పిసినారితనం చూపితే రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి, రెండూ పాడవుతాయి. వీలైనంతవరకు అదే కెమెరాలో ఎక్కించడం మంచిది. కొన్ని కెమెరాలు మొదటే ఫిల్మ్ మొత్తాన్ని బయటికి లాగి చివరి ఫ్రేము నుంచి వెనక్కి తీస్తూ వస్తాయి. అలాంటి దానిలో సగం తీసిన రీలును మరో రకం కెమెరాలో పెడితే ఈ లెక్కంతా తలకిందులవుతుంది.

నిల్వ విషయంలో ఒక సంగతి గట్టిగా చెప్పాలి: వెలుగు తగిలిన ఫ్రేములు, తగలని ఫ్రేముల కన్నా త్వరగా చెడతాయి. డెవలప్ చేయని బొమ్మ కాలం గడిచేకొద్దీ బలహీనపడుతుంది. వేడి, తేమ ఆ నష్టాన్ని వేగిరపరుస్తాయి. గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచడం, బయటికి తీశాక గది వేడికి వచ్చేవరకు డబ్బా మూత తీయకపోవడం మంచి పద్ధతి. లేకపోతే చల్లని ఫిల్మ్ మీద చెమ్మ పడుతుంది. ఎంత బాగా దాచినా, మిగిలిన ఫ్రేములను వీలైనంత త్వరగా పూర్తి చేయడమే క్షేమం.

1996లో వచ్చిన ఏపీఎస్ (అడ్వాన్స్‌డ్ ఫోటో సిస్టమ్) అనే మరో రకం ఫిల్మ్‌కు ఈ తంటా కొంత తప్పింది: సగం వాడిన రీలును క్యాసెట్ మీది అర్ధవృత్తం గుర్తు తెలిపేది, కొన్ని కెమెరాలు ఆగిన ఫ్రేము నుంచే తిరిగి మొదలుపెట్టేవి. 35 ఎంఎంలో ఆ లెక్క మనమే చూసుకోవాలి. రీలంతా ఒకేసారి డెవలప్ అవుతుంది కనుక, రెండో విడతలో కూడా మొదటి విడత ఐఎస్ఓనే పాటించాలి.